నకారపొల్లుతో మొదలైన పాట

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాది, ఎండాకాలం మొదట్లో, అమెరికాలో, శాంటా క్లారాలోని ఒక కరావోకే కంపెనీలో నన్ను జపనీస్ పాటల కేటలాగ్‌కి లీడ్‌గా వేశారు. నాకు జపనీస్ రాదు. అక్షరాలు గుర్తుపట్టేంత నేర్చుకున్నాను, అంతే. తెనాలిలో పుట్టినదానికి జపాన్ పాటలతో ఏం పనని మావారు నవ్వారు. నెల తిరిగేసరికి జీతం పడుతోందా లేదా, అది చూడండి అన్నాను.

కరావోకే యంత్రం సంగీతం వినిపించి, మాటలు తెర మీద చూపిస్తుంది. పాడుకోవడం మన పని. జపాన్ వాళ్ళు పాటల్ని శీర్షికలోని మొదటి అక్షరాన్ని బట్టి అరల్లో సర్దుతారు. వాళ్ళ అక్షరాల వరస మన వర్ణమాలకి దూరపు చుట్టం. అచ్చులు ముందు, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. అన్నిటి చివరా ఒంటరిగా ఒకటి మిగులుతుంది, నకారపొల్లు, అంటే 'న్'. జపనీస్‌లో మాటలు దానితో ముగుస్తాయి గానీ మొదలు కావు. అందుకని ఆ అరకి పేరు ఉంటుంది తప్ప లోపల పాట ఉండదు. ఉండకూడదు కూడా.

మా టీంలో ఇంజనీర్ స్వాతి. కరీంనగర్ అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, చేతిలో పని పడితే వదలదు. వృద్ధాశ్రమాల్లోని జపనీస్ పెద్దల కోసం ఆమె ఒక ఆట తయారు చేసింది. ఒక పాట శీర్షిక ఏ అక్షరంతో ముగిస్తే, ఆ అక్షరంతో మొదలయ్యే పాటని యంత్రం ఎత్తుకుంటుంది. అచ్చంగా మన అంత్యాక్షరి. జపాన్ వాళ్ళకీ మాటలతో ఇలాంటి ఆట ఉంది. కాకపోతే అందులో పొల్లు వచ్చిందంటే ఆట కట్టు, ఆ మాట అన్నవాళ్ళు ఓడినట్టు. మనకి ఆగడం ఎక్కడిది? 'ణ' వస్తే 'న'తో లాగించేస్తాం. స్వాతి మన అలవాటు ప్రకారమే రాసింది. ఏ అక్షరం వస్తే ఆ అర తెరువు అంది, ఎక్కడా ఆగమనలేదు. పరీక్షించిన వాళ్ళమూ తెలుగువాళ్ళమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కొద్దిరోజులకి ఒక వృద్ధాశ్రమం నుంచి టికెట్ వచ్చింది. మా భాషలో టికెట్ అంటే ఫిర్యాదు. "పొల్లు వచ్చాక కూడా ఎవరో పాడుతున్నారు. మా వాళ్ళు భయపడుతున్నారు. దయచేసి ఆపండి" అని ఉంది.

"అక్కా, ఆ అరల పాటలే లేవు గదా. మరి పాడుతున్నది ఎవలు?" అంది స్వాతి.

తెరిచి చూస్తే ఒకే ఒక్క ట్రాక్ ఉంది. శీర్షిక లేదు, గాయని పేరు లేదు, హక్కుదారు లేరు. మూతపడిన ఒక దుకాణం నుంచి కంపెనీ కొన్న పాత క్యాసెట్లలో వచ్చిన సరుకు అది. ఎక్కించినవాళ్ళెవరో చెవికి వినబడిన మొదటి అక్షరం మాత్రం కొట్టి వదిలేశారు.

ఇద్దరం తలో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం. ముసలి ఆడగొంతు, వాయిద్యాలేమీ లేవు. ఒక చరణం పాడి ఆగుతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. అందులో ఊపిరి వినబడుతోంది. పాట అయిపోయినవాళ్ళ ఊపిరిలా లేదు, ఎదుటివాళ్ళు బదులు చెప్తారని కాచుకున్నట్టుంది. మళ్ళీ ఒక చరణం, మళ్ళీ ఖాళీ. పట్టపగలు, పక్కన జనం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

స్వాతి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది. "నాతోని కాదక్కా. డిలీట్ చేసేద్దాం."

చెయ్యవలసింది కూడా అదే. హక్కుదారు లేని పాటని, మధ్యలో ఖాళీలున్న పాటని, సాఫ్ట్‌వేరే లోపమని గుర్తుపెట్టి పక్కకి నెడుతుంది. అలాంటివాటిని ప్రతి శుక్రవారం నా సంతకంతో శాశ్వతంగా తుడిచేస్తారు. దానికి కాపీ ఉండదు. అయితే ఫిర్యాదు వచ్చింది గనక, సంతకానికి ముందు ఒకసారి వెళ్ళి చూడాలని నియమం. ఆ నియమమే లేకపోతే నేనూ వెళ్ళేదాన్ని కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాం. హాల్లోకి రావడం ఇద్దరు నర్సులు మానేశారట. ఓడినవాళ్ళని ఆ గొంతు పిలుచుకుపోతుందని ఒక పెద్దాయన పుకారు పుట్టించాడు. గుమ్మంలోనే నవోమి అనే ఆవిడ మమ్మల్ని ఆపింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన మనిషి, వయసు అరవై దాటి ఉంటుంది. వాళ్ళమ్మ హాత్సు ఆ ఆశ్రమంలోనే ఉంటోంది, తొంభై దాటాయి. కిందటి చలికాలం నుంచి ఆమె ఎవరితోనూ, కన్నకూతురితో కూడా, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాట వచ్చిన రోజు మాత్రం పెదవులు కదిపిందట. తుడిచేసేలోపు ఇంకొక్కసారి వినిపించమని నవోమి బతిమాలింది. అమ్మ గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానని, అదే తన భయమని చెప్పింది.

పెట్టాం. మొదటి ఖాళీ ఖాళీగానే గడిచింది. రెండోదానిలో, కిటికీ పక్కనున్న చక్రాల కుర్చీలోంచి సన్నగా ఒక గొంతు లేచింది. శ్రుతి తప్పలేదు. ఖాళీ ఎంతుందో అంతే పాడి, రికార్డులో గొంతు ఎత్తుకునే క్షణానికి ఆగింది. అలా ఇద్దరూ పాట చివరిదాకా వెళ్ళారు. హాల్లో ఉన్న జపనీస్ పెద్దలకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అది జపాన్‌కి దక్షిణాన, హాత్సు పుట్టిన ఒకినావా దీవుల భాషని నవోమి చెప్పింది. అందులో పొల్లుతో మాటలు మొదలవుతాయట.

పాట అయ్యాక హాత్సు కూతురి వైపు తిరిగి జపనీస్‌లో మాట్లాడింది. నవోమి మాకు చెప్పింది: "అది మా అక్క. ఇంతకాలం నాకోసం ఆగింది."

ఆ మాట చెప్పీ చెప్పగానే నవోమి లేచింది. నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. ఆ పెద్దమ్మ రెండో ప్రపంచయుద్ధంలో, ఆ దీవిలోనే, పదిహేనేళ్ళకే పోయిందట. అప్పటికి క్యాసెట్లే లేవు. పైగా ఈ గొంతు ముసలిది. ఒకే ఊరివాళ్ళ గొంతులు ఒకలాగే ఉంటాయి, అమ్మ పొరబడి ఉంటుంది అన్నాను. అంతే అయ్యుంటుంది అంది నవోమి. ఇద్దరం నమ్మినట్టే నటించాం.

ఇళ్ళలో చేసుకున్న రికార్డింగ్ అయితే, కుటుంబంవాళ్ళు 'ఈ పాట మాది' అని రాసిస్తే ఉంచొచ్చు. నవోమి సంతకం పెట్టనంది. అబద్ధం అవుతుందని ఆమె బాధ. హాత్సు కలం తీసుకుని, గాయని పేరు దగ్గర తన అక్క పేరు రాసింది. గాయని బతికుందా, వయసెంత అని మా కంపెనీ ఎక్కడా అడగదు. కింద నేను సంతకం పెట్టాను.

"అక్కా, రేపు ఆడిట్ల అడిగితే ఏం చెప్తవ్?" అంది స్వాతి.

"ముసలావిడ చెప్పింది, నేను విన్నాను అంటాను. నువ్వు ముందు ఆ ఆటకి బ్రేకు వెయ్యవే తల్లీ."

స్వాతి పొల్లు దగ్గర ఆట ఆగేలా సరిచేసింది. ఆ పాట ఆ ఒక్క ఆశ్రమంలోనే, అడిగితేనే వచ్చేట్టు పెట్టింది. ఆ వేసవంతా హాత్సు రోజూ పాడింది. కూతురితో నాలుగు మాటలు మాట్లాడేది, అన్నం పెడితే వద్దని తిట్టేది కూడానట. తిట్టిందని నవోమి ఫోన్ చేసి మరీ మురిసిపోయింది. చలికాలంలో హాత్సు పోయింది.

సంతాప సభ అదే హాల్లో జరిగింది. నవోమి ఆ పాటే పెట్టించింది. ఒక చరణం అయింది, ఖాళీ వచ్చింది. బదులు మాటలు అక్కడ ఒక్కరికీ రావు. నవోమి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అవతల గొంతు ఊపిరి తీసుకుంటూ కాచుకుంది, తర్వాత తన చరణం తను పాడుకుంది. ప్రతిసారీ అంతే. స్వాతి నా చెయ్యి పట్టుకుని చివరిదాకా వదల్లేదు. ఖాళీలు ఆ రోజు పొడుగ్గా అనిపించాయి. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి కొలిచాను. ఏమీ మారలేదు.

రిటైరయ్యే ముందు ఒక నియమం రాయించాను. లోపమని యంత్రం గుర్తుపెట్టిన ఖాళీని, ఆ భాష తెలిసిన మనిషి ఒకసారి విన్నాకే తుడవాలి. ఇప్పటికీ అలాగే చేస్తున్నామని స్వాతి చెప్తుంది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఖాళీ కనబడితే అది ఎవరి వంతో ముందు కనుక్కోవాలి. తుడిచెయ్యడానికి శుక్రవారాలు వస్తూనే ఉంటాయి.