మావయ్య పేరు మీద నడిచిన ఏడు కనెక్టర్లు

కలకత్తా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లోని మా ఆఫీసులో ఏడు కనెక్టర్లు ఏళ్ళ తరబడి ఒకే ఒక్క మనిషి పేరు మీద నడిచాయి. ఆ పేరు వాటిలోంచి తీసేసింది నేను. చాలా మంచి పని చేశావని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ముందు నా మీదే.

కనెక్టర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఓడల కంపెనీ సిస్టమ్ ఒక తీరున మాట్లాడుతుంది, గోదాముల సిస్టమ్ ఇంకో తీరున. మధ్యలో నిలబడి ఇటు మాట అటు చేరవేసే ప్రోగ్రాం అది. అవతలి సిస్టమ్ లోపలికి రానివ్వాలంటే లాగిన్, పాస్‌వర్డ్ ఉండాలి. మొదట్లో ఆ ఏడు లాగిన్లూ మావయ్య తన సొంత పేరుతోనే తీసుకుని, కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసేశారు. ఇవాళ్టికి నడిస్తే చాలు, తర్వాత సరిచేద్దాం అనుకున్నారట. మా వృత్తిలో ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు.

ఆయనది ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో మా వెనక సందే. వాళ్ళ నాన్న, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కలిసి వచ్చి డాక్‌లో మూటలు మోశారు. నాకు కంప్యూటర్ నేర్పిందీ, ఈ ఉద్యోగానికి దారి చూపిందీ ఆయనే. ఆఫీసులో అందరిలాగే నేనూ బెంగాలీ తీరున దాదా, అంటే అన్నా, అనేదాన్ని. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఎండునెత్తళ్ళ కూర తినేటప్పుడు మాత్రం మావయ్య. ఆ వాసనకు టీమ్‌లో సగంమంది ముక్కులు మూసుకునేవారు, అందుకే మా భోజనం మెట్ల మీదికి మారింది.

ఆ పాస్‌వర్డ్‌ల గడువు మూడు నెలలు. గడువు తీరేలోగా ఏడు చోట్లా కొత్తవి పెట్టి, ఏడు ఫైళ్ళూ చేత్తో మార్చి, కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపి మళ్ళీ నడిపించాలి. ఆయన తప్ప ఇంకెవరూ చేయలేరు. ఒకసారి వాళ్ళమ్మ పోయింది. ఊరికి వెళ్ళి పెద్దకర్మ పూర్తిచేసి, మర్నాడే రైలెక్కి, హౌరాలో దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చేశారు. గుండుతో, చేతిసంచీ కూడా పక్కన పెట్టకుండా ఫైళ్ళు తెరుస్తున్న ఆ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఇదేటి మావయ్యా, నాలుగ్రోజులు ఉండలేకపోనావా?" అన్నాను.

"నానక్కడ ఉండిపోతే ఇయ్యి ఆగిపోతాయి గుంటా" అన్నారు. మా వైపు ఆడపిల్లను అలాగే పిలుస్తారు.

ఆ రోజే పట్టుబట్టాను. ఈ కనెక్టర్లన్నీ కొత్త పద్ధతిలో కట్టాలని మేనేజర్ వెంటపడి ఒప్పించాను. ఆ వానాకాలమంతా అదే పని. ఏ చిరునామాకు పోవాలి, ఎంతసేపు ఆగాలి, జవాబు రాకపోతే ఎన్నిసార్లు అడగాలి అనేవి కాన్ఫిగరేషన్‌లో ఉంటాయి. పాస్‌వర్డ్‌లు తాళం వేసిన వేరే ఖజానాలో ఉంటాయి. ఫైల్లో పాస్‌వర్డ్ ఉండదు, అది ఖజానాలో ఏ అరలో ఉందో మాత్రమే ఉంటుంది. ప్రతి కనెక్టర్‌కూ సొంత అకౌంట్. గడువు తీరకముందే ఖజానాయే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటుంది. అన్నిటికన్నా పైన ఒక నియమం రాశాను: ఏ కనెక్టర్‌లోనూ ఏ మనిషి పేరూ ఉండకూడదు.

ఇదంతా ఎందుకో చెప్పమంటే, ఈ పద్ధతంతా వివరించిన డాక్యుమెంట్‌లోనే రాశాను: "ఏడు కనెక్టర్లూ ఒకే ఉద్యోగి మీద ఆధారపడి ఉన్నాయి. ఇది ప్రమాదం." రాస్తున్నంతసేపూ మావయ్య గుండు తలే నా కళ్ళలో ఉంది.

మావయ్య చేత చదివించాను. "ముప్పై సెకన్లు సాలదు, పొద్దున్నపూట గోదాం సిస్టమ్ లెగడానికే నిమిషం తీసుకుంటాది" అని ఒకచోట దిద్దారు. ప్రమాదం అని నేను రాసిన ఆ వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. మార్చమంటావా అని అడిగాను. "నిజమే కదేటి, ఉండనీ" అన్నారు.

కొత్త అకౌంట్లు తీసుకోవాలంటే పాత లాగిన్లతో ఒకసారి లోపలికి వెళ్ళాలి. ఆ పాస్‌వర్డ్‌లన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకున్నారు, తెలుగు మాటలు, బెంగాలీ అక్షరాల్లో. వంజరం, సందువ, కానాగంత, ఇలా చేపల పేర్లూ పక్కన అంకెలూ. చదువంతా బెంగాలీ బడిలో కావడంతో ఆయనకు తెలుగు రాయడం రాదు. బెంగాలీవాళ్ళు ఆ మాటలు పలకగలరు గానీ, తెలుగు తెలియక, ఆయన ఏ అక్షరం ఎక్కడ మింగేసి రాశారో పట్టుకోలేరు. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ లిపే రాదు. అది చదవగలిగింది ఆఫీసు మొత్తానికి మేమిద్దరమే. మేనేజర్ నన్ను పిలిచి, దాదాను ఇబ్బంది పెట్టొద్దు, నువ్వొక్కదానివే చేసెయ్ అన్నాడు. మంచివాడే అనుకున్నాను. నాకు బుర్ర లేదు. ఆ నోటుబుక్కు నాకు అర్థం కాకపోయుంటే వాళ్ళకు మావయ్య అవసరం ఇంకొన్నాళ్ళు ఉండేది.

ఏడో కనెక్టర్ మారిన రెండు వారాలకు ఆయన్ని గదిలోకి పిలిచి, మీ పోస్టు తీసేస్తున్నాం అని చెప్పారు. యాభై మూడేళ్ళ మనిషికి. నేను మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయనకు సెలవు దొరకాలని రాశాను గానీ ఆయన్ని పంపించెయ్యమని కాదు అని అరిచాను. అతను నా డాక్యుమెంట్ తెరిచి నా వాక్యమే నాకు చూపించాడు. "సెలవు సంగతి ఇందులో ఎక్కడా లేదు కదా" అన్నాడు. నిజంగానే లేదు.

మర్నాడు మెట్ల మీద అన్నం కలుపుతూ మావయ్య మామూలుగానే ఉన్నారు.

"నీకు ముందే తెల్సా మావయ్యా?"

"ఆ వాక్యం సదివినపుడే తెల్సింది."

"మరి కొట్టీమని సెప్పలేదేటి?"

"తప్పు రాసుంటే కొట్టీసుందును. నువ్వు రాసింది తప్పు కాదు గదా" అని నా టిఫిన్ డబ్బాలో ఇంకో రెండు చేపలు వేశారు.

ఆయన వెళ్ళిపోయిన వారానికి పాత లాగిన్లు ఏడూ మూసేసే పని నాకే పడింది. ఒక్కొక్కటీ మూసి, గంటసేపు స్క్రీన్ చూడాలి. దేనికైనా ఆ పేరుతో ఇంకా పనుంటే అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. ఒక్కటైనా ఎర్రబడాలని, మీ అవసరం పడిందని ఫోన్ చేసి పిలవాలని నేను ఎంత కోరుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఏడో గంట కూడా పచ్చగానే గడిచింది. నా పనిలో లోపమేమీ లేదు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. ఇవాళే మూస్తామని ఆయనకు తెలుసు.

"ఏటైనా ఆగిపోనాదా గుంటా?"

"లేదు మావయ్యా."

ఏడూ పచ్చగానే ఉన్నాయన్నాను.

"ఒకటి కూడానా?" అన్నారు.