సంచి కట్టిన పువ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జబ్బు మనిషి ఉండేవాడు. జబ్బు ఒంటికి కాదు, నోటికి. ఆయన మా నాన్నకు అన్న, నాకు పెద్దబాపు. ఆయన జబ్బు పేరు ‘మా వంశం’. షోలాపూర్ దాజీ పేట్‌లో నాలుగు మగ్గాలున్న రేకుల షెడ్డు తప్ప మాకు వేరే ఆస్తి లేదు. అయినా ఆయన మాటలు వింటే ఏదో సంస్థానం వదిలేసి వచ్చామనిపించేది. మా నేత వేరు, మా రక్తం వేరు, చివరికి మా గుమ్మడికాయ కూడా వేరు.

నిజానికి ఆ గుమ్మడి మా నాయనమ్మది. బతుకుదెరువుకు కరీంనగర్ దిక్కు నుంచి వచ్చేటప్పుడు పుట్టింటి గింజలు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. ఆ పుట్టింట్లో తర్వాత ఎవరూ మిగల్లేదు. ఏటా ఆ తీగ షెడ్డు మీదికి పాకుతుంటే తల్లిగారింటి నుంచి చుట్టాలొచ్చినట్టు దాని ముందు కూర్చునేది. ఆ విత్తనం పోతే ఆమెకు తనదంటూ ఇంకేదీ ఉండదు.

పెద్దబాపు ఆ గింజల్ని కూడా తన వంశవృక్షంలోకి లాగేశాడు. మా గోడకు అవతల ఒక మరాఠీ ఇల్లు ఉండేది. ఆ ఇంటావిడను మేమంతా మావశి, అంటే వాళ్ల భాషలో పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆమె పెరట్లో ఎక్కడెక్కడి గింజలో మొలిచి, వంకర టింకరగా, లోతు చారలతో కాయలు కాసేవి. ఆ పువ్వుల మీద వాలిన తేనెటీగ మా పువ్వు మీద వాలితే మా జాతి చెడిపోతుందని ఆయన బెంగ. అందుకని విత్తనానికి ఎంచుకున్న ఆడపువ్వులకు సాయంత్రమే పాత ధోవతి గుడ్డ సంచులు తొడిగి దారంతో ముడేసేవాడు. తెల్లారి సంచి విప్పి, అదే తీగ మగపువ్వును రుద్ది, మళ్లీ కట్టేవాడు. ఈగకు కూడా కులం అడిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇలా చాలా ఏళ్లు నడిచింది. కాయలు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఆయన మీసం మీది చెయ్యి దిగలేదు. నాయనమ్మ మాత్రం కాయ కోసినప్పుడల్లా లోపలికి చూసేది. గింజల్లో సగం పప్పు లేని తప్పలు. తీగ కూడా ఏటికేడు పొట్టిదవుతోంది. కొడుకుకు చెబితే వానలు సరిగ్గా లేవనో, మట్టి పాడైందనో అనేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఒకరోజు తెల్లవారకముందే నాయనమ్మ నన్ను లేపి, మావశి దగ్గరికి వెళ్లి ఒక మగపువ్వు అడిగి తెమ్మంది. తెచ్చాను. ఆమె ఒక సంచి ముడి విప్పి, ఆ పువ్వును మా పువ్వులో మెల్లగా రుద్ది, మళ్లీ ముడేసింది. జీవితమంతా కండెలు చుట్టిన చెయ్యి, ఆమె వేసిన ముడి కొడుకు ముడికంటే చక్కగా ఉంది. ఎందుకని అడిగాను.

“కడుపునిండ నీళ్లు తాగినన్ని దినాలు ఎవ్వల రోగం బయటవడది బిడ్డా. నీళ్లు బందయిన ఏడు ఎరుకైతది,” అంది.

ఆ కాయ గింజల్ని ఆమె విడిగా దాచింది. మరుసటి ఏడే వానలు ముఖం చాటేశాయి. నల్లాలో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలీదు. వంట పాత్రలు కడిగిన నీళ్లే తీగలకు దిక్కు. పెద్దబాపు మాత్రం మేకపోతు గాంభీర్యంతో అశోక్ చౌక్ చాయ్ బండి దగ్గర, మంచి రక్తం కష్టకాలంలోనే కనపడుతుందని ఉపన్యాసం ఇచ్చాడు. గుంటలన్నిట్లో తన గింజలే పెట్టాడు. నాయనమ్మ ఆయన చూడకుండా చివరి గుంటలోవి తీసేసి తనవి పెట్టింది. అన్నిటికీ అదే మట్టి, అవే కడుగునీళ్లు.

ఎండ ముదిరేసరికి మంచి రక్తం సంగతి తేలింది. ఆకులు ముడుచుకుని, బూడిద పట్టి, పిందెలు పడకముందే ఆయన తీగలు వరసగా చచ్చిపోయాయి. చివరి గుంటలోది కూడా వాడింది గానీ, సాయంత్రానికి మళ్లీ తల ఎత్తేది. దానికి కాయలు నిలిచాయి. వాటి మీద లోతు చారలు ఉన్నాయి.

ఆ చారలు చూసి గోడవతలికి చూడని మనిషి వాడకట్టులో మా పెద్దబాపు ఒక్కడే. అవి మా పూర్వీకుల కాయ అసలు రూపమట, కరువులో బయటపడ్డదట! వాడకట్టునంతా పిలిచి చూపించాడు. అంతటితో ఊరుకోక గుప్పెడు గింజలు తీసి మావశికి దానం చేశాడు.

“తీసుకో మావశి, అసలు జాతిది. మీ గలీజు గుమ్మళ్లు ఇగ బంద్ చెయ్.”

మావశి కాయ చారల వంక ఒకసారి చూసింది, నాయనమ్మ వంక ఒకసారి చూసింది. తర్వాత రెండు చేతులూ చాచి ఆ గింజలు అందుకుంది. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా పక్కన కూర్చుని కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నీళ్లు నవ్వువే కావని, తల్లిగారిల్లు ఇంకో ఏడు బతికినందుకు కూడా అని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

పెద్దబాపుకు ఎవరూ నిజం చెప్పలేదు. చెప్పినా ఎక్కేది కాదు. ఆయన పోయినా ఆ జబ్బు పోలేదు. పెళ్లి పందిట్లో పక్కన కూర్చుని మా రక్తం, మా ఇల్లు అని మొదలుపెట్టే పెద్దమనుషులు ఇప్పటికీ తగులుతుంటారు. నేను వాళ్లతో వాదించను. మీ నల్లా రోజూ వస్తోందా అని మాత్రం అడుగుతాను. వాళ్లకు అర్థం కాదు.

ఇప్పుడు నేను షోలాపూర్ పక్కనే కుంభారిలో కొత్త ఇంట్లో ఉంటున్నాను. గోడ పక్కన నాయనమ్మ గుమ్మడి ఉంది, చారలతో సహా. పువ్వులు వచ్చే రోజుల్లో తెల్లారగానే బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి లేస్తాను. పక్కింటికి వెళ్లి, వాళ్లెవరని అడగకుండా, ఒక మగపువ్వు ఇమ్మని అడుగుతాను.