కత్తెర పడిన తెల్లచీరలు

ఆ శుక్రవారం నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. ఆలస్యం చేస్తే అందులో నా సమర్థన కూడా కలిసిపోతుంది. దోహాలో మా తెలుగు ఆరాధన మధ్యలో, చేతిలో మైకు పట్టుకుని, రెండు వందల మంది వింటుండగా, ఆఫ్రికాలో, కంపాలా నగరంలో బట్టలు కుట్టుకుని బతికే ఒక స్త్రీని మందలించాను. అంతకుముందు ఆమె ముఖం కూడా చూసి ఎరగను. మేం పంపిన తెల్లచీరలకు ఆమె కత్తెర వేసిందని నా అభియోగం.

ఊరి చివర అన్ని భాషల సంఘాలకూ కలిపి ఇచ్చిన ఆవరణలో ఒక హాలు, శుక్రవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా మాది. పదకొండు దాటితే నేపాలీ సంఘం గిటార్లతో తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటుంది. ఆ రెండు గంటల్లోనే పాటలు, వాక్యం, ప్రకటనలు, పుట్టినరోజు ప్రార్థనలు, పెళ్ళిరోజు ప్రార్థనలు, ఎవరైనా కొత్త కారు కొంటే దాని ప్రార్థన, అన్నీ అయిపోవాలి. దేవుడు మాట్లాడదలచుకుంటే ప్రకటనల మధ్యలో వీలు చూసుకోవాలి.

నేనొక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. డ్రాయింగు గీసేది ఒకరు, పరిశీలించేది మరొకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. మూల మీద నంబరు సరిగా లేకపోతే వెనక్కి పంపడం నా ఉద్యోగం. పదహారేళ్ళు ఇతరుల కష్టాన్ని వెనక్కి పంపితే మనిషికి ఒక గాంభీర్యం వస్తుంది. ఆ గాంభీర్యాన్ని చూసి సంఘపెద్దలు నన్ను మిషన్ కార్యదర్శిని చేశారు. ఆఫ్రికా ఖండంలో నేను కాలు పెట్టలేదు. అయితే నా దగ్గర లెటర్‌హెడ్ ఉండేది.

నిజానికి కంపాలాలో సంఘాన్ని మొదలుపెట్టింది ఇక్కడే దోహాలో, అల్ ఘర్రాఫాలో ఒక విల్లా కాంపౌండ్ గేటు దగ్గర పనిచేసే సెక్యూరిటీ గార్డు. కంపాలా మనిషి. ఆదివారం ఉదయం డ్యూటీ లేనప్పుడు కార్మికుల క్యాంపులో తన మంచం మీద కూర్చుని, ఫోనులో తన వాడవాళ్ళకు బైబిలు చదివి వినిపించేవాడు. మొదట అయిదుగురు వినేవారు. నాలుగేళ్ళకు ముప్పై మంది దాటారు. వాళ్ళందరికీ చోటిచ్చింది ఆ కుట్టుపని ఆమె. ఆదివారం వచ్చేసరికి కుట్టుమిషన్లు గోడకు జరిపి, తన రేకుల షెడ్డులో బెంచీలు వేసేది. రోగులను పలకరించేది, తగాదాలు తీర్చేది, అక్కడ సంఘం నడిపేది ఆమే. గార్డు సంగతి మాకు తెలిశాక మేం చేసిన సేవ ఏమిటంటే, మా సంఘం పేరు కింద 'కంపాలా శాఖ' అని అచ్చు వేయించుకోవడం.

తర్వాత మా స్త్రీల సమాజం వాళ్ళు తెల్లచీరలు పంపుదామన్నారు. మన వైపు తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళడం భక్తికి గుర్తు కదా. కంపాలాలో ఎవరైనా చీర కడతారా అని అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఇరవై నాలుగు చీరలు పోగయ్యాయి. గార్డు సెలవు మీద ఇంటికి వెళుతుంటే ఆయన పెట్టెలోనే సర్దాం. మా ఇంట్లోనే తూకం వేశాం. బరువు మించింది. ఆయన మారుమాట లేకుండా తన పిల్లల కోసం కొన్న బూట్ల డబ్బాలు తీసి పక్కన పెట్టాడు. "దేవుడు దీవిస్తాడు బ్రదర్" అన్నాను. బూట్లు మూడు నెలలు మా మంచం కింద ఉన్నాయి.

ఇక ఆ శుక్రవారం. కంపాలా శాఖను తెర మీద ప్రత్యక్షంగా చూపిస్తానని నెలరోజులుగా ప్రకటిస్తూ వచ్చాను. వాళ్ళ ఆరాధన ఆదివారం. శుక్రవారం వాళ్ళకు పనిదినం. అయినా మా ఆరాధన శుక్రవారం కాబట్టి, ఆ రోజు పదింటికి అందరూ తయారై కూర్చోవాలని కబురు పంపాను. కూర్చున్నారు.

తెర వెలిగింది. షెడ్డు నిండా మనుషులు. ముందు వరసలో ఆడపిల్లలు తెల్లటి గౌన్లలో ఉన్నారు. అడుగున జానెడు ఎర్రమట్టి రంగు అంచు. వెనక పిల్లల తరగతికి అడ్డంగా తెల్లటి పరదా. మధ్యలో మెడలో కొలత టేపుతో ఒక నడివయసు స్త్రీ నిలబడి, నవ్వుతూ, ఒక్కొక్క పిల్లనూ భుజం పట్టి వెనక్కి తిప్పి చూపిస్తోంది. పరదా మూల మీద, మా స్త్రీల సమాజం వాళ్ళు చీరల మీద కుట్టి పంపిన ఎంబ్రాయిడరీ పావురం కనిపించింది. నాకు విషయం అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

"సిస్టర్, అవి మేం ప్రార్థించి పంపిన చీరలు" అన్నాను ఇంగ్లీషులో. "కట్టుకోవడానికి పంపాం. ఎవరి అనుమతితో కోశారు? రంగు ఎవరు వేయమన్నారు? దేవుని పని మీద పంపిన వస్తువుకు ఒక మర్యాద ఉంటుంది."

ఆమెకు ఇంగ్లీషు వచ్చు. రాకపోతే ఎంత బాగుండేది. నవ్వు అలాగే ముఖం మీద కాసేపు నిలిచి, తర్వాత పోయింది. మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంటూ తెరలోంచి పక్కకు వెళ్ళిపోయింది. పిల్లలు పాట మొదలుపెట్టాలో వద్దో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. "నెట్‌వర్క్ సమస్య" అని ప్రకటించి నేను ఫోను పెట్టేశాను.

ప్రొజెక్టర్ చూసుకునేది జగిత్యాల నుంచి వచ్చి సైటులో పనిచేసే కుర్రాడు, సంఘంలో అందరం తమ్ముడూ అంటాం. వైర్లు చుడుతూ నన్ను పిలిచాడు.

"అన్నా, గా చీరలు మనం ఇచ్చినమా, దాసిపెట్టుమని పంపినమా?"

"నీకు తెలియదులే. ఆఫ్రికాలో పని మొదట్లోనే క్రమశిక్షణ..."

"మా అవ్వ ఖతర్‌ను గుడ దుబాయ్ అంటది. ఆమె సదువుకోలే. నువ్వు గంత సదువుకోని కంపాలాను ఆఫ్రికా అంటవ్. ఇద్దరికి ఫరకేముంది?"

అతని ఉద్యోగం పరంజా కట్టడమని, నాది ఆఫీసని గుర్తుచేసుకుని ఊరట పొందాను. ఇది కూడా రాసుకోవలసిన తప్పే.

కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా భార్య అంది. "ఆ కుట్టు చూశారా అండీ? అంచు దగ్గర ఒక్క ముడత లేదు. ఎడమవైపు చివరి పిల్ల వేసుకుంది నా చీరే, సన్న చుక్కలది. పదేళ్ళు నేను కట్టాను గానీ, దానికి అందం ఇవాళ వచ్చింది."

"అడగకుండా కోసింది కదా."

"ఇచ్చాక అడగడమేంటి? పెళ్ళికి పెట్టిన చీర ఎలా కట్టారో వెళ్ళి చూసి వస్తారా మీరు?"

ఆమెను ఇంటి దగ్గర దింపి నేరుగా అల్ ఘర్రాఫా వెళ్ళాను. క్షమాపణకు కాదు. గార్డుకు ఫిర్యాదు చేయడానికి. మధ్యాహ్నం ఎండలో గేటు దగ్గర నిలబడి, నా బాధంతా చెప్పడం మొదలుపెట్టాను. కారు వచ్చినప్పుడల్లా ఆయన "ఒక్క నిమిషం బ్రదర్" అని, నంబరు రాసుకుని, అడ్డకర్ర ఎత్తి, దించి, మళ్ళీ వచ్చి వినేవాడు. ఇలా ఆరు కార్లు వెళ్ళాక నా ఫిర్యాదు పూర్తయింది.

"ఆమె నాకు ఫోన్ చేసింది" అన్నాడు. "షెడ్డుకు తాళం వేసిందట. బెంచీలు బయట పెట్టేసింది. ఇకమీదట ఆదివారం కూడా మిషన్లే నడుస్తాయి, ప్రార్థన నడవదంది."

"వేరే చోటు..."

"లేదు. ఇప్పుడు అక్కడ వానలు. ఈ ఆదివారం తాళం తీయకపోతే మనుషులు చెదిరిపోతారు. చెదిరినవాళ్ళను నేను ఇక్కడి నుంచి ఫోనులో పోగుచేయలేను."

అప్పుడు చెప్పాడు. చీరలు కోసే ముందు ఆమె ఆయన్ని అడిగిందట. కోయమన్నది ఆయనే. పిల్లలకు ఆదివారం వేసుకునే బట్టలు లేక కొందరు రావడం మానేశారు. ఆ వాడంతా ఎర్రమట్టి. తెల్లబట్ట సాయంత్రానికి కింద ఎర్రబడుతుంది. అందుకే ముందే ఎర్రంచు వేసింది. నెలరోజులు, పని అయ్యాక కూర్చుని కుట్టింది. మాకు చూపించాలని శుక్రవారం దాకా పిల్లలను వేసుకోనివ్వలేదు.

"నన్ను తిట్టి ఉండాల్సింది బ్రదర్" అన్నాడు. "నాకు అలవాటే. గేటు దగ్గర రోజూ ఎవరో ఒకరు తిడతారు."

తల దించుకున్నాను. అలవాటు కొద్దీ, "ఒక లెటర్ రాస్తాను" అన్నాను.

"లెటర్ వద్దు. ఫోన్ చేయండి. క్లుప్తంగా మాట్లాడండి. ఆమెకు ఓపిక తక్కువ."

శనివారం ఉదయం చేశాను. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. నేనెవరో చెప్పి, తప్పయిందన్నాను. మిషన్ ఆగలేదు.

"నన్ను ఎంతమంది ముందు అన్నారు?"

"ఇక్కడ రెండు వందల మంది."

"ఇక్కడ ముప్పై నలుగురు. పని మానుకుని వచ్చినవాళ్ళు. ఇప్పుడు నా ఒక్కదాని చెవిలో చెబితే వాళ్ళకెలా తెలుస్తుంది? రేపు ఆదివారం వాళ్ళ ముందు చెప్పండి. అందుకోసం తాళం తీస్తాను."

"ఆదివారం నాకు డ్యూటీ సిస్టర్."

మిషన్ ఆగింది. "శుక్రవారం మాకు డ్యూటీ లేదనుకున్నారా?"

నాకు ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదంటే నమ్మండి. దేవుని దినం మా సెలవు దినమేనని లోకమంతా ఒప్పుకుందని అనుకున్నాను. మా మేనేజరుకు సెలవు కోసం ఫోన్ చేస్తే, "ఎవరైనా పోయారా?" అన్నాడు. చర్చికన్నాను. "నీ చర్చి శుక్రవారం కదా?" అన్నాడు. ఇది ఇంకో చర్చి సార్ అన్నాను. శాఖ అనబోయి ఆగాను.

ఆదివారం ఉదయం గార్డు ఉండే క్యాంపుకు వెళ్ళాను. ఒక గదిలో ఆరు మంచాలు. ఆయన మంచం మీద ఇద్దరం కూర్చున్నాం. దిండుకు ఫోను ఆనించాం. నేను రెండు పేజీల క్షమాపణ రాసుకుని వెళ్ళాను, మూడు వచనాలతో, ముగింపు ప్రార్థనతో. ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

తెరలో షెడ్డు కనిపించింది. తాళం తీశారు గానీ బెంచీలు లోపలికి రాలేదు, అందరూ నిలబడే ఉన్నారు. ఆమె మిషన్ దగ్గర చేతులు కట్టుకుని ఉంది.

"శుక్రవారం మీ అందరి ముందూ ఈమెను అవమానించాను" అన్నాను. "ఈమె చేసింది మంచిపని. ఇచ్చాక ఆ చీరలు మావి కావు. మీ పని చెడగొట్టి మిమ్మల్ని రప్పించడం కూడా తప్పే. ఈమె నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి."

ఒక ముసలాయన వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. షెడ్డంతా నవ్వింది. గార్డు కూడా నవ్వి, నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు. బతిమాలితే చెప్పాడు. "ఈయన కార్యదర్శా, పోలీసా అని అడుగుతున్నాడు."

ఆమె నవ్వలేదు. "మీ రెండు వందల మంది ముందు కూడా ఇలాగే చెబుతారా?"

"చెబుతాను."

"అయితే ఇవాళ్టికి బెంచీలు లోపలికి తెస్తాం. వచ్చే ఆదివారం సంగతి మీ శుక్రవారం అయ్యాక చూస్తాం."

మూడు గంటల ఆరాధన. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరూ నన్ను మాట్లాడమనలేదు, పరిచయం చేయలేదు, ముందు వరసలో కూర్చోబెట్టలేదు. వీటిలో ఏదీ లేకుండా నేను ప్రార్థనలో కూర్చోవడం ఎన్నేళ్ళ తర్వాతో లెక్క తేలలేదు. అయ్యాక, మా మంచం కింద నుంచి తెచ్చిన బూట్ల డబ్బాలు ఆయనకు ఇచ్చాను. "పిల్లల పాదాలు పెరిగుంటాయి" అన్నాడు, మెల్లగా. అయినా తీసుకున్నాడు.

తర్వాతి శుక్రవారం మైకు తీసుకున్నాను. తెర వేయలేదు. అక్కడివాళ్ళు ఆ సమయంలో పనుల్లో ఉంటారు. తమ్ముణ్ణి ఫోనులో రికార్డు చేయమన్నాను. జరిగిందంతా చెప్పాను, నెట్‌వర్క్ అబద్ధంతో సహా. అది మన శాఖ కాదని, ఎన్నడూ కాదని, ఇకమీదట వాళ్ళను శుక్రవారం పిలవబోమని, ఏదైనా పంపే ముందు అడిగి పంపుతామని చెప్పాను. అవే మాటలు ఆమె కోసం ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను.

అప్పుడు మా సంఘపెద్ద ఒకాయన లేచి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత తగ్గింపు మనసున్న సహోదరుడు మన మధ్య ఉండటం మన భాగ్యం. ఈయనను ఘనపరచుకుందాం" అన్నాడు. బీరువాలోంచి శాలువా ఎంత తొందరగా వచ్చిందో చెప్పలేను. వద్దనాలి. అనలేదు. నా మెడ దానంతట అదే కొంచెం వంగింది.

"అన్నా," అన్నాడు తమ్ముడు వెనక నుంచి, "రికార్డు నడుస్తనే ఉన్నది."

మెడ ఎత్తాను. శాలువా పట్టుకున్న పెద్దాయన చేతులను నా రెండు చేతులతో పట్టుకుని, "ఇది వద్దు అయ్యగారూ, నేను చెప్పింది నా తప్పు, సంఘం మెచ్చుకునే సాక్ష్యం కాదు" అని వచ్చి కూర్చున్నాను. నా భార్య పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆరాధన అయ్యాక తమ్ముడు, శాలువా ముక్క తీసేసి పంపాలా అని అడిగాడు. మొత్తం పంపమన్నాను. తలుపు దగ్గర నేపాలీవాళ్ళు గిటార్లు బయటికి తీస్తుండగా, అతని పక్కనే నిలబడి, వీడియో ఆమెకు పూర్తిగా వెళ్ళేదాకా చూశాను.

సాయంత్రం ఆమె నుంచి ఒక్క వాక్యం వచ్చింది. ఆదివారం ఎనిమిదింటికి షెడ్డు తెరుస్తామని, నేను రానవసరం లేదని. గేటు దగ్గరికి వెళ్ళి గార్డుకు ఫోను అందించి, ఆయన అది చదువుకుంటుండగా, వచ్చిన రెండు కార్ల నంబర్లు ఆయన పుస్తకంలో నేనే రాశాను.