మా ఊరికి లేవని చెయ్యి

మా ఉపాధ్యాయ సంఘం రాష్ట్ర మహాసభలు ఈసారి సూర్యాపేటలో జరగాలని మూడు నెలలు పట్టుబట్టి తిరిగాను. నా బండి వెనక కూర్చుని తిరిగింది మా బడిలోనే లెక్కలు చెప్పే మిత్రుడు. హైవే పక్కన ఫంక్షన్ హాళ్ళకీ లాడ్జీలకీ ఫోటోలు తీసింది కూడా ఆయనే. హైదరాబాద్, విజయవాడ బస్సులన్నీ మా ఊళ్ళో టీ తాగడానికే ఆగుతాయి, ఒక్క పూటైనా ఎవరూ ఉండరు. ఆ మంట మా ఇద్దరిదీ అనుకున్నాను.

మేమిద్దరం సభ్యులుగా ఉన్న రాష్ట్ర కార్యవర్గంలో ఆ ఫోటోలు చూపించాను. పోటీలో ఉన్న ఇంకో ఊరు హైదరాబాద్ ఒక్కటే. సూర్యాపేటకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఆదిలాబాద్ వాళ్ళు ఎత్తారు, పాలమూరు వాళ్ళు ఎత్తారు. ఒక్క చెయ్యి తక్కువై సభలు హైదరాబాద్‌కు పోయాయి. పక్కకు తిరిగి చూస్తే మా మిత్రుడి చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

బయటికి రాగానే నిలదీశాను. "నువ్వే ఎత్తకపోతివేంది సార్?"

ఆయన మొహంలో సిగ్గన్నది లేదు. "మనూర్ల పెడితే ఇల్లు యాడ ఇడుస్తది సార్? పొద్దంత మీటింగ్ల కూసుంటం, సాయంత్రం కాంగనె పాలపాకెట్ తెమ్మంటరు. గాడ హైద్రాబాద్లయితే మూడొద్దులు మనల్ని అడిగెటోడు ఉండడు. రూం పోయిన వారమే బుక్ చేసిన, మీ పేరు గూడ రాయించిన."

పోయిన వారం మేమిద్దరం సూర్యాపేట లాడ్జీల్లో పరుపులు మెత్తగా ఉన్నాయో లేదోనని ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాం.