మా బావగారి తరఫున వకాల్తా

ఐనవిల్లి వినాయకుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేనేం చెప్పినా సగం తీసేసి, మిగిలిన సగం ఇంకొకర్ని అడిగి నమ్మే అలవాటు మా ఊళ్లో ఉంది. ఈసారికి ఆ శ్రమ వద్దండి.

మా చుట్టాలందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అమలాపురం, కొత్తపేట, రామచంద్రపురం, ఆపైన కువైట్, మస్కట్. పెళ్లి కబుర్ల కోసం పెట్టుకున్నాం గానీ, ఎన్నికలొచ్చాక పెళ్లిళ్లు పక్కకెళ్లి రాజకీయం మిగిలింది. అందరం ఒకే పార్టీ. మా చెల్లెలి భర్త, అంటే మా బావగారు, ఒక్కరే అవతలి పార్టీ. రాజోలు దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఎంత మర్యాదస్తుడంటే, మా పార్టీని ఏకిపారేసేటప్పుడు కూడా చివర 'అండి' పెడతారు.

ఒకరోజు ఆయన మా ఏటిగట్టు రోడ్డు గురించి రాసేరు. "రోడ్డు మా వాళ్లు వేసేరండి. గోతులు మీ వాళ్లు వేసేరండి."

సమాధానం లేనివాళ్లు చేసే పనే చేసేం. పగలబడి నవ్వే బొమ్మలు పెట్టేం. కువైట్లో ఉన్న మా తమ్ముడు, పెదనాన్న కొడుకు, బావగారి తలకాయని పందికొక్కు ఒంటికి అతికించి పంపేడు. ఆయన "ఉంటానండి" అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయేరు.

వెళ్లింది గ్రూపులోంచే అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆయనింట్లో నాకు పండుగప్ప చేపల పులుసు. ఆ ఆదివారం ఫోన్ చేస్తే మా చెల్లెలు ఎత్తి, "ఆయన చెరువు మీదున్నారన్నయ్యా" అంది. వెనకాల టీవీ వార్తలు, ఆ వార్తలకి ఆయన దగ్గడం, రెండూ వినిపిస్తున్నాయి. మళ్లీ ఆదివారం కూడా చెరువు మీదే దగ్గేరు. పెళ్లిచూపుల నాడు మొదలుపెట్టి ఇప్పటిదాకా వాదించుకుంటున్న మనుషులం మేమిద్దరం. వాదన పోయేసరికి మాటే పోయింది.

ఇక గ్రూపు సంగతి. ఒకడు ఒక మాట అంటాడు, అందరూ దణ్ణం బొమ్మలు పెడతారు. పొద్దున్న గులాబీలు, సాయంత్రం దణ్ణాలు. డ్యూటీ దిగి ఫోన్ తెరిస్తే నిద్దరొచ్చేస్తోందని కువైట్ తమ్ముడే గోల పెట్టేడు. దాంతో గ్రూపంతా ఏకగ్రీవంగా తీర్మానించింది: బావగారు తిరిగొచ్చేదాకా ఆయన పార్టీ తరఫున నేను వాదించాలి. లేనిది ఉన్నట్టు చెప్పడంలో నన్ను మించినవాడు లేడన్నారు.

సరే అని కూర్చుంటే ఒక్క ముక్క రాదే! ఇన్నేళ్లూ ఆయనతో పోట్లాడేను గానీ, ఆయన ఏమంటున్నారో ఒక్కనాడూ విన్లేదని అప్పుడు తెలిసింది. చేసేది లేక ఆయనకే ఫోన్ చేసేను. నా నంబరు చూసీ ఎత్తేరు.

"బావగారూ, గ్రూపులో మీ పార్టీ తరఫున నేను మాట్లాడుతున్నానండి. నాలుగు ముక్కలు చెప్పండి."

"మా పార్టీకి ఇంత కష్టం వచ్చిందాండి?" అన్నారు.

కానీ చెప్పేరు. విని, నాకు అర్థమైనంత గ్రూపులో పెట్టేను. మా వాళ్లు నన్ను చీల్చి చెండాడేరు. మా మేనత్త మా ఇంటికి పులిహోర పంపడం మానేసింది. అవతలి పార్టీ వాళ్లయితే మండపేట నుంచి ఒక లారీడు కండువాలు పంపించేరు. నేను రోజూ ఆ తిట్లు బావగారికి వినిపించి, బదులు పట్టుకొచ్చేవాణ్ని. ఆదివారం ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఓనాడు ఉత్సాహం పట్టలేక సొంత కవిత్వం కలిపేను. గోతులుంటే బండి నెమ్మదిగా వెళ్తుంది, ప్రమాదాలు తగ్గుతాయి, కాబట్టి ఆ గోతులు కూడా మా పార్టీ, అంటే బావగారి పార్టీ, ముందుచూపుతో వేసినవే అని రాసేను. గ్రూపులోనే ఉన్న మా చెల్లెలు అది ఆయనకి చూపించింది. మొదటిసారి ఆయనే ఫోన్ చేసేరు.

"గోతులు మావని ఎందుకు రాసేరండి?"

"మీ ఘనత పెంచుదామనండి."

"ఇంకో వారం మీరు మాట్లాడితే మాకు డిపాజిట్లు కూడా దక్కవండి. నన్ను గ్రూపులో చేర్పించెయ్యండి. కానీ ఒక షరతు. నన్ను తిట్టదల్చుకున్నవాళ్లు, నేనేమన్నానో ముందు వాళ్ల మాటల్లో రాయాలి. నేను చదివి 'ఆయ్, నేనన్నది అదే' అన్నాకే తిట్టాలి."

మొదటి వంతు పందికొక్కు తమ్ముడిది. వాడు రాయడం, ఈయన "అది కాదండి" అనడం. రాసిందే తిరగరాసేడు. చివరికి బావగారు "ఆయ్" అనేసరికి, పాపం తిట్టడానికొచ్చిన సంగతి మర్చిపోయి "నిజమేనండి, గోతులు మావే" అని పెట్టేసి, వెంటనే చెరిపేసేడు. అప్పటికే అందరం చూసేసేం. బావగారికీ అదే షరతు పెట్టేం. తీరా చూస్తే, మా మాట మాకంటే ఆయనే బాగా రాస్తున్నారు. పార్టీ మాత్రం ఎవరూ మారలేదు. రోడ్డూ మారలేదు.

ఆ ఆదివారం అదే రోడ్డు మీద గోతిగోతికీ పార్టీని తల్చుకుంటూ రాజోలు వెళ్లేను. పులుసులో రెండోసారి అన్నం కలుపుకునేలోపే వాదన మొదలైంది.

ఒట్టేసేను కనక ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. కండువాల లారీ నిజమేనండి, కావాలంటే మండపేటలో అడగండి. తీర్మానం, కువైట్ తమ్ముడి గోల మాత్రం నా కల్పన. బావగారు లేకపోతే గ్రూపులో ఎవరికీ ఏ లోటూ లేదు. ఆ దణ్ణాలతో ఏళ్లతరబడి హాయిగా ఉండేవాళ్లే. నన్నెవరూ నియమించలేదు. ఉండలేకపోయింది నేనొక్కణ్నే.

నేను ఉండలేకే ఇదంతా చేసేనని బావగారికి ఇంతవరకూ తెలీదు. ఇది చదివి "ఆయ్" అంటారో, చెరువు మీదకి వెళ్లిపోతారో, ఆదివారం చూడాలి.