బాబాయి కుడి చెవి

మా దింపు మేస్త్రి పోయారు. కొబ్బరిచెట్టు ఎక్కి కాయలు దింపడం నాకు నేర్పింది ఆయనే. రక్తసంబంధం లేదు గానీ బాబాయ్ అనే పిలిచేవాడిని. పోయిన మంగళవారం పొద్దున్న పక్క ఊరు నగరంలో ఒక తోటలో చెట్టు మీద ఉండగా, కింద విప్పి పెట్టిన చొక్కా జేబులో ఫోను ఆగకుండా మోగింది. దిగి ఎత్తితే ఆయన కోడలు. "చెట్టు ఇరిగిపోయిందంట అన్నయ్యా, మావయ్యగారు ఇంక లేరు" అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

మర్నాటికి ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, 'ప్రభువునందు నిద్రించారు' అని. నాకు ఒళ్లు మండింది. ఆయన నిద్రపోలేదు. పురుగు తొలిచేసిన చెట్టు తలభాగంలో, మొవ్వు దగ్గర విరిగితే దాంతోపాటు కిందపడ్డారు. సమాధి దగ్గర ఆ చెట్టున్న తోట రైతు నా పక్కన నిలబడి, "పాపం, వయసైపోయింది కదండీ, పట్టు తప్పుంటారు" అన్నాడు. పట్టు తప్పలేదండీ. ఆ చేతులకు పట్టు తప్పడం తెలీదు. ఏం తప్పిందో నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ దాచాను.

చెట్టెక్కే ముందు బాబాయి మానును అరచేత్తో రెండుసార్లు చరిచి, కుడి చెవి ఆనించి నిలబడేవారు. ఎర్రముక్కు పురుగు పిల్లలు లోపల కొరుకుతుంటే, ఎవరో పచ్చిబియ్యం నములుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తుంది. మా కళ్లకు పచ్చగా నిలబడ్డ చెట్టు ఆయన చెవికి రోగిష్టిదని తెలిసిపోయేది. "చెట్టు చెప్పేది ఇనకుండా కాలెట్టకురా. అది అబద్ధం ఆడదు. మనవే ఇనం" అనేవారు.

ఆయన్ని మస్కట్ తీసుకెళ్లింది నేనే. అక్కడ రోడ్ల పక్కనుండే ఖర్జూరం చెట్లు చూడ్డానికి ఎవరో కాంట్రాక్టరుకు ఎక్కేవాళ్లు కావాలన్నారు. "ఒక్క వేసవి బాబాయ్, వచ్చేద్దాం" అని వెంటపడ్డాను. "ఆయ్, ఏ చెట్టైతే ఏంట్రా, ఎక్కడమే కదా" అన్నారు.

మొదటి రోజే నేను మన పద్ధతిలో గెల నరికి కిందికి వదిలేశాను. పండంతా చితికి ఫుట్‌పాత్ మీద జామ్ పూసినట్టయింది. బాబాయి తల పట్టుకున్నారు. "కొబ్బరికాయనుకున్నావేంట్రా? పక్క చెట్టు మీదాయన్ని సూడు, తాడు కట్టి పసిపిల్లని దింపినట్టు దింపుతున్నాడు." సాయంత్రానికి ఆయన అంతకంటే నెమ్మదిగా దింపేస్తున్నారు.

అక్కడ పొద్దున్న ఏడింటికే మాను వేడెక్కిపోయేది. అయినా చెవి ఆనించకుండా ఎక్కేవారు కాదు. సూపర్‌వైజర్ హిందీలో, "ఏంటి, చెట్టుతో ఫోన్ మాట్లాడుతున్నాడా?" అని వెక్కిరించాడు. నేను తెలుగులో చెబితే బాబాయి, "ఆయ్, మోగుతుందండి, ఎత్తట్లేదని చెప్పు" అన్నారు.

ఒక చెట్టును మాత్రం ఎక్కనని మొండికేశారు. నేనెక్కుతానంటే ఎక్కేటప్పుడు కాళ్లకు వేసుకునే నా తాడు బందం లాక్కుని దానిమీద కూర్చున్నారు. నాలుగో రోజు గాలికి ఆ చెట్టు తల విరిగి రోడ్డు మీద పడింది. నేనింకా బతికే ఉన్నానంటే, ఆయన ఆ బందం మీద కూర్చోబట్టే. అప్పటినుంచి సూపర్‌వైజర్ నవ్వడం మానేశాడు. ఏ చెట్టెక్కాలో బాబాయే చెప్పాలి.

జూలైలో ఆ చెవి నుంచి చీము కారడం మొదలైంది. డాక్టరుకు చూపించమని మూడుసార్లు అడిగాను. "సీజన్ అయ్యాక" అన్నాడు సూపర్‌వైజర్. చెట్లలో రోగం కనిపెట్టడానికి ఆ చెవి కావాలి, ఆ చెవికి రోగమొస్తే మాత్రం తీరిక లేదు. నేను అరిస్తే బాబాయే నా నోరు మూయించారు. సీజన్ అయింది. చెవీ అయిపోయింది.

తిరిగొచ్చాక నాతో ఒట్టు వేయించుకున్నారు. "ఎవరికీ చెప్పకురా. చెవిటి మేస్త్రిని తోటలోకి ఎవడు పిలుత్తాడు?"

"ఎడం చెవి ఉందిగా బాబాయ్."

"దానికి చెట్ల బాస రాదురా. అది నేర్చుకునేలోపు నేను పోతాను. ఇన్నేళ్లూ కుడి చెవి పెట్టినోణ్ణి ఇప్పుడు ఎడంది పెడితే జనానికి తెలిసిపోదా?"

అందుకని ఇద్దరం ఒక నాటకం ఆడేవాళ్లం. ఆయన ఎప్పట్లాగే మాను చరిచి కుడి చెవి ఆనించేవారు. నేను అవతలి పక్కన బందం సర్దుకుంటున్నట్టు వంగి నా చెవి పెట్టేవాడిని. నేను తలూపితే ఎక్కేవారు. లేకపోతే, "ఇది బాగాలేదండి" అని రైతుతో పెద్దరికంగా చెప్పేవారు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, చర్చి నుంచి వస్తూ గొడవపడ్డాం. ఇక చెప్పేద్దాం, లేకపోతే మస్కట్‌లోలా బెల్టన్నా కట్టుకో అన్నాను. "బెల్టు కట్టుకుంటే దింపోడంటారా? ఉయ్యాల్లో పిల్లోడంటారు" అని నవ్వారు. ఆ నవ్వుకు నాకు మండింది. "అయితే నీ చెట్లు నువ్వే ఇనుకో" అనేసి వచ్చేశాను. మంగళవారం ఆయనతో పనికి వెళ్లకుండా నగరం వెళ్లిపోయాను.

ఆ రోజు తోటలో కాయలు ఏరుతున్న ఆమె తర్వాత నాకు చెప్పింది. బాబాయి చెట్టు చరిచి, చెవి పెట్టి చాలాసేపు నిలబడ్డారట. అవతలి పక్కకు వంగి ఓసారి చూశారట. తర్వాత ఎక్కారట.

బెల్టు ఎందుకివ్వలేదని రైతును అడగాలి. అడుగుతాను. సీజన్ అయ్యాక అన్నవాణ్ణి కూడా అడగాలి, వాడు సముద్రం అవతలున్నాడు. ఆ మంగళవారం ఎక్కడున్నావని నన్ను నేనూ అడగాలి. ఇప్పుడు ప్రతి చెట్టుకూ చెవి పెడుతున్నాను. ముందు నా ఊపిరే వినిపిస్తోంది.

బాబాయి అంటే నాకు సమాధిలోకి దించిన ఆ పెట్టె గుర్తు రాదు. మస్కట్ రోడ్డు గుర్తొస్తుంది. అటు మూడు వరుసలు, ఇటు మూడు వరుసలు కార్లు. మధ్యలో ఖర్జూరం చెట్టుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి రోడ్డు వైపు ఎత్తి నిలబడ్డారు, ఒక్క నిమిషం ఆగండి, ఇనపడట్లేదు అన్నట్టు. ఒక్క కారూ ఆగలేదు. ఆయన చెయ్యి దించలేదు.