పంక్తి మధ్యలో సర్వర్

పక్కింట్లో గంజి వార్చిన వాసన కిటికీలోంచి వస్తే అందరికీ ఆకలేస్తుందేమో, నాకు మాత్రం సూర్యనారాయణగారు గుర్తొస్తారు. ఆయన వెనకాలే సర్వర్లూ గుర్తొస్తాయి. పాలకొల్లులో బట్టలకొట్టు మేడమీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆయనది. నా మొదటి ఉద్యోగం అక్కడే. చేపలు, రొయ్యలు పంపే వ్యాపారులకి లారీ చీటీలు తీసే ప్రోగ్రాము మేం నడిపేవాళ్ళం. చీటీ రాకపోతే లారీ కదలదు, లారీ కదలకపోయినా ఐసు కరగడం మానదు.

ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా వడ్డన పెత్తనం ఆయనదే. అన్నం వార్చామని వంటవాళ్ళు చెప్పేదాకా ఆయన పంక్తి పిలిచేవారు కారు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ ఆలస్యమైందని అలిగి అరుగెక్కి కూర్చున్నా పిలవలేదట. అది చెప్పి ఆయనే పడీపడీ నవ్వేవారు.

మా ప్రోగ్రాములో ముక్కలన్నీ వేరువేరు కంటైనర్లలో ఉండేవి. కంటైనరంటే ఒక్కో ముక్కకి దాని సామానుతో సహా ఇచ్చిన విడి గది అనుకోండి. సరుకు వివరాలుండే డేటాబేస్ ఒక గదిలో, దాన్ని అడిగి చీటీ అచ్చువేసేది ఇంకో గదిలో. కొత్త వెర్షన్ రాగానే వాటంతటవే అప్‌డేట్ అయ్యే ఏర్పాటు సూర్యనారాయణగారే చేశారు. అప్‌డేట్ అయ్యాక ముందు డేటాబేస్, తరవాత చీటీలది మళ్ళీ లేవాలని వరసా ఆయనే రాశారు.

ఆయన గృహప్రవేశానికి ఆఫీసంతా వెళ్ళాం. ముద్దపప్పులో ఆవకాయ కలుపుతుండగా నా ఫోను మోగింది. మాకున్న అతిపెద్ద వ్యాపారి. అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ చీటీలు రావడం లేదట, లోడైన లారీలు ఎండలో ఆగిపోయాయట. సరుకు పాడైతే ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కరు. ఆయన లేకపోతే మా ఆఫీసే లేదు. లేవబోతుంటే నేతిగిన్నెతో సూర్యనారాయణగారు ఎదురయ్యారు.

"కూర్చోమ్మా. నువ్వు లేస్తే పంక్తంతా లేవాలి. ఏంటి సంగతి?"

నిజమే, మా వైపు ఒకరు మధ్యలో లేస్తే మిగతావాళ్ళు తినడం మర్యాద కాదు. సంగతి చెప్పాను. ఆయన నేతిగిన్నె తమ్ముడి చేతికిచ్చి నా పక్కనే చతికిలబడ్డారు. కుడిచేతి నిండా పప్పన్నం, ఎడంచేత్తో ఫోనులో సర్వర్ తెరిచాను. కొట్టిన అక్షరమల్లా తప్పే పడుతోంది. పక్క విస్తరి దగ్గరున్న పెద్దావిడ నా వంక అదోలా చూసింది.

రెండూ చెప్పిన వరసలోనే లేచాయి. కానీ డేటాబేస్ లేచాక కూడా కొత్త వెర్షన్‌కి తగ్గట్టు పాత వివరాలు సర్దుకుంటూ కూర్చుంది. ఈలోగా చీటీలది వెళ్ళి అడిగి, జవాబు రాక, అలిగి మూల కూర్చుంది.

సూర్యనారాయణగారు తల పట్టుకుని నవ్వేశారు. "ఇన్ని పంక్తులు నడిపినవాణ్ణి, పొయ్యి వెలిగించారనగానే విస్తళ్ళు వేయించేశాను చూడమ్మా. ముందు డేటాబేస్‌ని ఓ మాట అడుగు. పలికాకే రెండోదాన్ని లేపు."

అడిగాను. పలికింది. చీటీలదాన్ని లేపాను. కాసేపటికి వ్యాపారి ఫోన్ చేసి, లారీలు కదిలాయన్నారు. "ఇప్పుడు నెయ్యి వేయించుకో" అని సూర్యనారాయణగారు లేచారు. అంత రుచైన ముద్ద నేను మళ్ళీ తినలేదు.

అసలా అప్‌డేట్లే ఆపేయమని వ్యాపారి పట్టుబట్టారు. పాత వెర్షన్‌తో ఉండటమంటే తలుపు తీసి నిద్రపోవడమేనని సూర్యనారాయణగారు ఒప్పుకోలేదు. వరసనే తిరగరాశారు. డేటాబేస్ మారాలంటే దాన్ని నమ్ముకున్నవి ముందే ఆగాలి, అది పలికాకే మళ్ళీ లేవాలి. పలికిందో లేదో చూసే పరీక్షకి 'వార్చారా' అని పేరు పెట్టారు.

ఆఫీసు నాకప్పగించిన రోజు ఆయన్ని పంక్తిలో మొదట కూర్చోబెట్టాం. వడ్డన నాది. ఆయన మెడ మాత్రం వంటింటివైపే తిరుగుతోంది. చివరికి ఉండబట్టలేక లేవబోయారు.

"కూర్చోండి. మీరు లేస్తే పంక్తంతా లేవాలి" అన్నాను.

పెద్దగా నవ్వి కూర్చున్నారు. నెయ్యి వేస్తుంటే నాకు కళ్ళు మసకబారాయి.

ఆయన ఇప్పుడు లేరు. అప్‌డేట్ నడిచినప్పుడల్లా 'వార్చారా' అని తెరమీద పడుతుంది. జవాబు కంప్యూటరే ఇచ్చుకుంటుంది. అయినా నేనూ మెల్లగా అంటాను, వార్చారండి అని.